‘స్థానంలో’ అన్న ఒక్క మాట గురించి

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో నియంతల వింత నిర్ణయాల మీద రెండు పేజీల వ్యాసం వచ్చింది. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లల మధ్య ఖాళీ కుర్చీ దొరకక, దాన్ని నేను నిలబడే చదివాను. వ్యాసం హాయిగా చదివించింది, రెండు మూడు చోట్ల నవ్వించింది కూడా. అయితే బర్మాను (నేటి మయన్మార్‌ను) 26 ఏళ్లు తన గుప్పిట్లో ఉంచుకున్న జనరల్ నే విన్ గురించి రాసిన పేరా దగ్గర నా చూపు ఆగిపోయింది. తొమ్మిది అంకె మీద నమ్మకంతో ఆయన 1987లో పాత నోట్ల స్థానంలో 45, 90 విలువగల నోట్లను తెచ్చాడని మీ వ్యాసకర్త రాశారు. అంకెలు సరైనవే, సంవత్సరమూ సరైనదే. నా అభ్యంతరమంతా ‘స్థానంలో’ అన్న మాట మీదనే.

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం క్యాష్ కౌంటరులోనే గడిచింది. మా భాషలో ఒక నోటు స్థానంలో మరొక నోటు వచ్చిందంటే, కౌంటరు బయట నిలబడ్డ మనిషి ఒకటి లోపలికి ఇచ్చి, దానికి సమానమైన ఇంకొకటి తీసుకుని వెళ్లాడని అర్థం. చిరిగిన నోటు ఇచ్చినా, మాసిన నోటు ఇచ్చినా, రద్దయిన నోటును గడువులోగా ఇచ్చినా జరగవలసినది అదే. బర్మాలో 1987 సెప్టెంబరులో అలాంటిదేమీ జరగలేదు. ఆ నెల 5వ తేదీన 25, 35, 75 క్యాట్ (మనకు రూపాయి ఎలాగో వారికి క్యాట్ అలాగ) నోట్లు చెల్లవని ప్రభుత్వం ప్రకటించింది. మార్చుకునే గడువు ఇవ్వలేదు, పరిమితంగానైనా తిరిగి చెల్లిస్తామని అనలేదు, నష్టపరిహారం ఊసే ఎత్తలేదు. దేశంలో చలామణిలో ఉన్న సొమ్ములో సగానికి మించిన భాగం ఒక్కరోజులో చిత్తు కాగితమైపోయింది. 45, 90 క్యాట్ నోట్లు వచ్చింది ఆ తరువాత రెండు వారాలు దాటాక. అవి ఎవరి పాత నోటుకూ బదులుగా రాలేదు. కొత్తగా సంపాదించుకుంటేనే చేతికి వచ్చాయి. అందువల్ల ‘పాత నోట్ల స్థానంలో’ అనడం, ఒకరి ఇల్లు కూలగొట్టి అదే జాగాలో తన మేడ కట్టుకున్నవాణ్ణి ‘పాత ఇంటి స్థానంలో కొత్త ఇల్లు కట్టించాడు’ అని మెచ్చుకున్నట్టు ఉంది.

ఒక మాట కోసం ఇంత రాద్ధాంతం ఎందుకని మీరు అనుకోవచ్చు. ఆ ఒక్క మాట వల్ల మీ పాఠకుడికి తొమ్మిది అంకె మాత్రమే గుర్తుంటుంది, పోయిన సొమ్ము గుర్తుండదు. నే విన్ మీద ప్రపంచమంతటా వచ్చే రాతల్లోనూ ఇదే తంతు. నాలుగూ అయిదూ తొమ్మిది, తొమ్మిదీ సున్నా తొమ్మిది అని లెక్క చెప్పి, ఎవరో జ్యోతిష్కుడు తొంభై ఏళ్లు బతుకుతావన్నాడని చేర్చి, ఆ పేరాను ముగించేస్తారు. నిజానికి ఆయన తొంభై దాటే బతికాడు, కనుక లెక్క కుదిరిందని మురిసేవాళ్లు కూడా ఉంటారేమో. ఆ తొంభై క్యాట్ నోటును నేను ఒకసారి మన నగరంలోనే, పాత నాణేలు అమ్ముకునే ఒకాయన పరచుకున్న గుడ్డ మీద, ప్లాస్టిక్ కవరులో చూశాను. కొనలేదు. చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం వృత్తి అలవాటు ప్రకారం మనసులో లెక్క మొదలైంది: ఈ నోట్లతో కౌంటరు నడిపిన బర్మా క్యాషియర్ డినామినేషన్ ఎలా రాసుకున్నాడో, వెయ్యి ఇవ్వాలంటే పదకొండు తొంభైలూ ఒక పదీ లెక్కపెట్టి, మధ్యలో ఒక నోటు అంటుకుపోతే సాయంత్రం తేడాను ఎక్కడని వెతికాడో అని. కూరగాయల బండి దగ్గర నలభై అయిదు నోటు ఇచ్చి పన్నెండుకు సరుకు తీసుకున్న ఇల్లాలికి చిల్లర ఇవ్వడానికి ఆ బండివాడు ఎంతసేపు తడుముకున్నాడో! నవ్వు వచ్చే సంగతే, కాదనను. కానీ అది అసౌకర్యం మాత్రమే. అలవాటు పడితే ఏ లెక్క అయినా అలవాటవుతుంది. అంతకు రెండు వారాల ముందు ఇంటి పెట్టెలో ఉన్నదంతా పోయినవాడికి చిల్లర లెక్క ఒక లెక్కా?

ఇంకొక సంగతి. తొమ్మిది అంకెను నమ్మాడని ఆయన్ను చూసి నవ్వే అర్హత మనకు ఎంతవరకు ఉందో నాకు అనుమానమే. ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో బండి నంబర్ల వేలం జరిగిన ప్రతిసారీ 9999కి ఎన్ని లక్షలు పలికిందో మీ పత్రికే ఫొటోతో సహా వేస్తుంది. రాహుకాలం చూడకుండా లాకరు తెరవని ఖాతాదారులను నేను చాలామందిని చూశాను. మా బ్రాంచిలో కొత్త స్ట్రాంగ్ రూము తెరిచిన రోజున ముహూర్తం పెట్టించినది కూడా మేమే. తన డబ్బుతో తన నమ్మకాన్ని పోషించుకునేవాడి జోలికి ఎవరూ పోనక్కరలేదు. నే విన్ తన నమ్మకాన్ని ఊరందరి డబ్బుతో పోషించుకున్నాడు, పైగా అది నమ్మకం కోసమే చేశాడని చెప్పడం కూడా అంత సులువు కాదు.

ఎందుకంటే 1987 ఆయనకు మొదటిసారి కాదు. 1962 మార్చి 2న సైనిక తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చాక, 1964 మే నెలలో 50, 100 క్యాట్ నోట్లను రద్దు చేశాడు. 1985 నవంబరులో 20, 50, 100 నోట్లు పోయాయి. అప్పుడు పరిమితంగానైనా మార్చుకునే వీలు ఇచ్చారు. అప్పుడే 75 క్యాట్ నోటు వచ్చింది, ఆయనకు డెబ్బై అయిదేళ్లు నిండిన సందర్భంగా ఆ అంకె వేశారని చెప్పుకుంటారు. మరుసటి ఏడాది 15, 35 నోట్లు ముద్రించారు. ఈ 75, 35 నోట్లను 1987లో తానే చెల్లవన్నాడు. అంటే రెండేళ్లు కూడా నిండని తన సొంత నోట్లను, తన పుట్టినరోజు గుర్తని జనం చెప్పుకున్న నోటుతో సహా, తానే చంపేశాడు. అంకెల మీద భక్తి ఉన్నవాడు చేసే పనిలా ఉందా ఇది? జనం దగ్గర ఉన్న రొక్కాన్ని మూడుసార్లు తుడిచిపెట్టిన ప్రభుత్వంగా చూస్తే ఈ వరుస తేలికగా అర్థమవుతుంది. అంకె ప్రతిసారీ మారింది, తుడిచిపెట్టడం మారలేదు.

చీకటి వ్యాపారులను, సరిహద్దుల్లోని తిరుగుబాటు దళాలను దెబ్బతీయడానికి నోట్లు రద్దు చేశారన్నది సాధారణంగా చెప్పే కారణం. దీని మీద కౌంటరు మనిషిగా రెండు మాటలు చెప్పవలసి ఉంది. 1963లో బ్యాంకులన్నిటినీ, 1964లో దుకాణాలను, టోకు వ్యాపారాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాక, సర్కారు దుకాణంలో దొరకని ప్రతి వస్తువూ చీకటి బజారులోనే దొరికేది. సబ్బు, లుంగీ గుడ్డ, మందుబిళ్ల, సైకిలు ట్యూబు ఏది కావాలన్నా అక్కడికే వెళ్లాలి. కనుక చీకటి బజారు అంటే ఎక్కడో నలుగురు దొంగల ముఠా కాదు. దేశం మొత్తం అందులో కొనుగోలుదారే. రెండవది, పెద్ద వ్యాపారి తన సొమ్మును నోట్ల కట్టలుగా ఉంచుకోడు. ఒకసారి 1964లోనూ, మళ్లీ 1985లోనూ దెబ్బతిన్నవాడు బంగారంలోకో, కెంపుల్లోకో, థాయిలాండు కరెన్సీలోకో మార్చుకుని నిశ్చింతగా ఉంటాడు. నోట్లు దాచుకునేది బంగారం కొనేంత లేనివాడు. బ్యాంకు మీద నమ్మకం పోయినవాడు కూడా. కూతురి పెళ్లికి పోగుచేసుకున్నవాడు, కొడుకు చదువుకు ఫీజు సిద్ధం చేసుకున్నవాడు పోగొట్టుకున్నారు. అప్పటి రాజధాని రంగూన్‌లోని సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు ఆ సాయంత్రమే వీధుల్లోకి వచ్చారంటే, జేబులో ఉన్న నెల ఖర్చుల సొమ్ము పనికిరాకుండా పోవడమే కారణం. ప్రభుత్వం విద్యాసంస్థలు మూసి పిల్లలను ఇళ్లకు పంపేసింది. దాంతో రాజధానిలో మొదలైన కోపం బస్సులెక్కి, రైళ్లెక్కి ప్రతి జిల్లాకూ చేరింది.

ఇందులో ఇంకొక క్రూరమైన సందర్భం ఉంది, అది మీ వ్యాసంలో రాలేదు. అంతకు సరిగ్గా నాలుగు రోజుల ముందు, సెప్టెంబరు 1న, వరి మొదలైన ధాన్యాల వ్యాపారం మీద ఇరవై ఏళ్లకు పైగా ఉన్న ఆంక్షలను సడలించారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశంలో రైతు తన ధాన్యాన్ని తాను అమ్ముకోవచ్చని చెప్పడం ఎంత పెద్ద కబురో ఊహించండి. ఆ మాట నమ్మి కొనుగోలుకు రొక్కం సమకూర్చుకున్న వ్యాపారి, ఆ రొక్కం తీసుకుని గింజలు కొలిచి ఇచ్చిన రైతు, ఇద్దరూ అయిదో తేదీన ఒకేసారి మునిగారు. ముందు గుమ్మం తెరిచి, జనం లోపలికి వచ్చాక పైకప్పు కూల్చినట్టు అయింది. కావాలని చేశారని నేను అనను. ఆ ప్రభుత్వంలో ఒక చేయి చేసిన పని మరొక చేతికి తెలిసే ఏర్పాటు లేదన్నదే నా అంచనా. ఏ నిర్ణయమైనా ఒక్క మనిషి దగ్గర పుట్టి అక్కడి నుంచే ఉత్తర్వుగా దిగేది. అదే సంవత్సరం డిసెంబరులో ఐక్యరాజ్యసమితి బర్మాను అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది.

బర్మా గురించి హైదరాబాద్‌లో కూర్చున్న ఒక రిటైర్డు క్యాషియరుకు ఎందుకింత పట్టింపు అని అడగవచ్చు. మన నగరంలో ‘రంగం’ అంటే ఆషాఢ మాసపు బోనాల్లో, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పడం. మా ఆవిడ పుట్టింటి వైపు, కాకినాడ మొదలు శ్రీకాకుళం దాకా ఉన్న పాతతరం వారికి ‘రంగం’ అంటే రంగూన్. అప్పులు పెరిగినా, కరువు వచ్చినా, ఇంట్లో తగవుపడినా ‘రంగం వెళ్లిపోయాడు’ అనేవారు. (భవిష్యవాణి చెబితే నోట్లు మార్చిన మనిషి రాజ్యం చేసిన ఊరికి మన భాషలో ఆ పేరే కుదరడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.) కోరంగి రేవు నుంచి వెళ్లినవారు ఎక్కువ కావడంతో అక్కడ తెలుగువారికి కోరంగీలన్న పేరే పడిపోయింది. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. ఓడరేవులో మూటలు మోసినవారు, రిక్షాలు లాగినవారు, మరుగుదొడ్లు శుభ్రం చేసినవారు మన తెలుగువారు. 1930 మే నెలలో రేవు పని విషయంలో తెలుగు కూలీలకు, బర్మీయులకు మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. మా ఆవిడ తాతగారు 1942లో జపాను బాంబులకు భయపడి కొండలు, అడవులు దాటి నడిచి వచ్చినవారిలో ఒకరు. దారిలో చూసినదాని గురించి ఆయన ఎవరికీ పెద్దగా చెప్పలేదట. అన్నం పారేస్తే మాత్రం ఊరుకునేవారు కాదట.

రెండో వలస నే విన్ కాలంలో వచ్చింది. దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వపరం కావడంతో 1964 తరువాత కొన్నేళ్లలో సుమారు మూడు లక్షల మంది భారతీయ సంతతివారు బర్మా వదిలి వచ్చారు. వారు తీసుకురాగలిగినది చాలా తక్కువ. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఈనాటికీ నిలిచి ఉంది. మద్రాసులోనూ బర్మా బజారు ఉంది. అలా తిరిగివచ్చిన వారికి అప్పులిచ్చి ఆదుకోవడానికి మన కేంద్ర ప్రభుత్వం 1969లో ఒక సహకార బ్యాంకును కూడా ఏర్పాటు చేయవలసి వచ్చింది. రానివారు, రాలేనివారు అక్కడే పొలాల్లో ఉండిపోయారు. 1985లోనూ, 1987లోనూ పోయిన నోట్లలో వారివీ ఉన్నాయి. కనుక ఈ కథ మన పాఠకులకు ఏదో దూరదేశపు వినోదం కాదు. ఆ డబ్బులో కొంత తెలుగువారు మూటలు మోసి సంపాదించినది. ఇంకొక చిన్న సంబంధం కూడా చెప్పాలి. మన రిజర్వు బ్యాంకు 1947 దాకా బర్మాకు కూడా కేంద్ర బ్యాంకుగా పనిచేసింది. 1952లో వారు క్యాట్‌ను, రాయడం క్యాట్ అయినా వారు పలకడం దాదాపు చాట్ అనే, ప్రవేశపెట్టినప్పుడు ఒక రూపాయికి ఒక క్యాట్ చొప్పున సమానంగా మార్చి ఇచ్చారు. దాన్ని నిజంగా ‘రూపాయి స్థానంలో క్యాట్’ అనవచ్చు.

ఆ పద్ధతి హైదరాబాద్ వారికి కొత్తేమీ కాదు. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. ఇంగ్లీషు వాళ్ల రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. 1948లో పోలీసు చర్య జరిగి రాజ్యమే పోయింది. కొత్త ప్రభుత్వం వారు తలుచుకుంటే ఓడిపోయిన రాజు నాణెం చెల్లదని మరునాడే చెప్పవచ్చు. అలా చెప్పలేదు. కొన్నేళ్లపాటు రెండు నాణేలనూ పక్కపక్కనే చెలామణి కానిచ్చి, అదే ఏడుకు ఆరు లెక్కన మార్చి ఇస్తూ, నెమ్మదిగా హాలీని వెనక్కి తీసుకున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్లు ఆ మార్పిడి రోజుల లెక్కలను కథలుగా చెప్పేవారు. అణాలు, పైసలు, హాలీ, కల్దార్ కలగలిసిన ఆ చిట్టాలు చూస్తే ఇప్పటివారికి కళ్లు తిరుగుతాయి. తలనొప్పి మాత్రం గుమాస్తాలకు వచ్చింది, జనానికి రాలేదు. రావలసినది గుమాస్తాలకే.

పిచ్చి నిర్ణయం అనగానే మనవాళ్లకు నోటికి వచ్చే పేరు తుగ్లక్. మున్సిపాలిటీ వారు వేసిన రోడ్డును మళ్లీ తవ్వినా తుగ్లక్ పని అంటాం, ఆఫీసు ఒక వీధి నుంచి పక్క వీధికి మార్చినా తుగ్లక్ పని అంటాం. మీ వ్యాసంలో కూడా ఆయనతోనే మొదలుపెట్టారు. 1323లో యువరాజుగా ఉండగా మన ఓరుగల్లును పట్టుకుని, దాని పేరు సుల్తాన్‌పూర్ అని మార్చి, ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపినవాడు ఆయనే. కనుక తెలుగువాడిగా ఆయన్ను వెనకేసుకురావలసిన అవసరం నాకు లేదు. అయినా నాణేల విషయంలో మాత్రం ఆయనకు న్యాయం చేయాలనిపిస్తుంది. వెండి టంకాకు బదులు రాగి, ఇత్తడి నాణేలను అదే విలువకు చెల్లేలా ఆయన ప్రవేశపెట్టాడు. లోహం విలువ కాక రాజముద్ర విలువే నాణెం విలువ కావడం అన్న ఆలోచనలో పిచ్చి లేదు. మన జేబులో ఉన్న కాగితం నడిచేది ఆ సూత్రం మీదనే. దొంగ ముద్రలను ఆపే యంత్రాంగం లేకుండా చేయడమే తప్పు. ఇంటింటా టంకశాల వెలిసింది. సుల్తాను చివరకు రాగి నాణేలు రద్దు చేశాడు. రద్దు చేసినప్పుడు తన ఖజానా నుంచి వెండి, బంగారం తీసి, తెచ్చినవారికి తెచ్చినంత మార్చి ఇచ్చాడు. అందులో దొంగ నాణేలూ ఉంటాయని తెలిసి కూడా ఇచ్చాడు. పనికిరాని రాగి నాణేలు తుగ్లకాబాదులో గుట్టలుగా పడి ఉండేవని ఆ కాలపువారు రాసిపెట్టారు. తన తప్పుకు తానే డబ్బు కట్టిన రాజు పేరు ఆరువందల ఏళ్లకు పైగా తిట్టుగా నిలిచింది. తన తప్పుకు జనం చేత కట్టించిన జనరల్ పేరు మాత్రం ఆదివారం అనుబంధంలో చమత్కారంగా మిగిలింది. ఈ తేడా న్యాయమేనా అని మీ వ్యాసకర్త ఒకసారి ఆలోచించాలి.

2016 నవంబరు 8 రాత్రి సంగతి ఎత్తకుండా ఈ ఉత్తరం రాస్తే నన్ను దాటవేశాడంటారు. ఆ నిర్ణయం మంచిచెడ్డల మీద దేశంలో ఇప్పటికే చాలా చర్చ జరిగింది, దాన్ని ఇక్కడ కొనసాగించడం నా ఉద్దేశం కాదు. ఆ యాభై రోజులూ నేను కౌంటరులోనే ఉన్నాను. వరసలో నిలబడి సొమ్మసిల్లిన పెద్దాయనకు మా అటెండరు నీళ్లు ఇవ్వడం, పప్పుల డబ్బాలో దాచిన అయిదు వందల నోట్లు తెచ్చి భర్తకు తెలియకుండా ఖాతాలో వేయమని ఒకామె బతిమాలడం, రాత్రి పదింటికి కూడా క్యాష్ తేలక మేమంతా బిక్కమొహాలతో కూర్చోవడం నాకు బాగా గుర్తు. అంత అవస్థలోనూ మేము ఆ నోటు తీసుకుని రసీదు ఇచ్చాం, ఖాతాలో జమ రాశాం. డిసెంబరు 30 దాకా గడువు ఉంది. కౌంటరు ముందుకు వచ్చిన మనిషికి ‘నీ నోటుకు ఏమీ రాదు, వెళ్లు’ అని చెప్పవలసిన పని ఆ గడువులో నాకు పడలేదు. 1987 సెప్టెంబరులో రంగూన్ బ్యాంకుల్లో నా వంటి క్యాషియర్లకు ఆ పని పడింది. నే విన్ కూడా సైన్యంలోకి పోకముందు తపాలా శాఖలో గుమాస్తాగా పనిచేసినవాడే. మనీయార్డరు కోసం ఎదురుచూసే మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆయనకు తెలియకపోవడానికి వీలులేదు.

మీ వ్యాసంలో తరువాతి అంశంగా రాసిన రోడ్డు సంగతి గురించి ఎక్కువ చెప్పను. 1970 డిసెంబరులో బర్మా వాహనాలు ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారాయి. జ్యోతిష్కుడు కుడికి జరగమన్నాడని ఒక కథ, వామపక్షానికి మరీ ఎక్కువ ఒరిగామని ఎవరో అన్నారని మరొక కథ. అంతకు మూడేళ్ల ముందు, 1967లో, స్వీడన్ కూడా ఇలాగే ఎడమ నుంచి కుడికి మారింది. దాన్ని ఎవరూ వింత అనలేదు, ఎందుకంటే కొత్త తలుపులున్న బస్సులను ముందే సిద్ధం చేసుకుని మరీ మారింది. బర్మాలో మారినది ఉత్తర్వు ఒక్కటే. బండ్ల స్టీరింగు కుడివైపే ఉండిపోయింది, బస్సు తలుపు రోడ్డు మధ్యలోకి తెరుచుకునేది. ఈ ఉదాహరణ కూడా నా వాదననే బలపరుస్తోంది: నిర్ణయం వింతదా కాదా అన్నది తరువాతి మాట, ముందు దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారని అడగాలి. ఇక్కడ ఆ ఖర్చు పెట్టుకున్నది నడిరోడ్డు మీదికి దిగిన ప్రయాణికుడు.

నే విన్ రక్తంతో స్నానం చేసేవాడని, అద్దం ముందు తంతులు చేసేవాడని మీరు అచ్చువేసినవి వదంతులు. రుజువు లేని సంగతిని రుజువున్న సంగతి పక్కన ఒకే బాణీలో వేస్తే, చదివేవాడు రెండింటినీ కాలక్షేపం కిందనే జమకట్టుకుంటాడు. 1962 జులై 7న రంగూన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులపై సైన్యం కాల్పులు జరిపి, మరునాటి తెల్లవారుజామున విద్యార్థి సంఘ భవనాన్ని పేల్చివేసిన సంగతి రుజువున్నది; అది మీ వ్యాసంలో లేదు. 1974లో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ భౌతికకాయం స్వదేశానికి వస్తే ప్రభుత్వ లాంఛనాలు దక్కనివ్వని సంగతి, కడుపుమండిన విద్యార్థులు శవపేటికను తామే మోసుకుపోయిన సంగతి లేవు. 1988 జులై 23న పదవి నుంచి తప్పుకుంటూ చేసిన ప్రసంగంలో, సైన్యం కాల్చిందంటే గాలిలోకి కాల్చదు, గురి చూసే కాలుస్తుందని దేశానికి హెచ్చరిక చేసిన సంగతీ లేదు. పదహారు రోజులకు, ఆగస్టు 8న, జనం లక్షలుగా వీధుల్లోకి వచ్చినప్పుడు సైన్యం ఆ మాట నిలబెట్టింది. నోట్ల రద్దు నుంచి ఆ రోజుకు ఏడాది కూడా నిండలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న తాడు మీ పేరాలో ఎక్కడా కనిపించదు, ఎందుకంటే పేరా 90 అన్న అంకె దగ్గరే ఆగిపోయింది.

స్థలాభావం మీకు ఉంటుందని తెలుసు. ఈ ఉత్తరం మొత్తం వేయడం కుదరకపోతే నేనేమీ అనుకోను. వచ్చే ఆదివారం సవరణల గడిలో ఒక్క వాక్యానికి చోటిస్తే చాలు. ‘పాత నోట్ల స్థానంలో’ అన్నచోట ‘పాత నోట్లను పైసా చెల్లించకుండా రద్దు చేసిన రెండు వారాల తరువాత’ అని చదువుకోవలసిందిగా వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్